పాత ముక్క చూపించి కొత్త బుష్ చేయించకండి

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో మా నాన్నగారిది కుట్టు మిషన్ల రిపేరు షాపు. నలభై ఏళ్ళ నుంచి నడుస్తోంది. రెండేళ్ళుగా ఆయనకు చేతులు వణుకుతున్నాయి, అందుకని షాపు నేనే చూసుకుంటున్నాను. నాకు 31 ఏళ్ళు, బీకాం చదివాను, ఐటీఐ లాంటిదేమీ చేయలేదు. కొత్త మిషన్లకు స్పేర్లు దొరుకుతాయి. పాత మిషన్లు వచ్చినప్పుడే ఇబ్బంది. బుష్‌లు (కడ్డీలు లోపల ఆడే చిన్న లోహపు గొట్టాలు), పిన్నులు, మరలు (స్క్రూలు) దొరకవు, దొరికినా పట్టవు. ఆటోనగర్‌లో లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే మిషన్) షాపుకి వెళ్తే ‘ఒక్క ముక్కకి ఏం పెడతామమ్మా, వంద చేయించుకో’ అంటారు. మొన్న బతిమాలి ఒక గార్మెంట్ మిషన్‌కి నీడిల్ బార్ (సూదిని పట్టుకుని పైకీ కిందికీ ఆడే కడ్డీ) కింది బుష్ చేయించాను. శాంపిల్‌గా పాత బుష్ ఇచ్చాను. 600 తీసుకున్నారు. బిగించిన రోజే కాస్త వదులుగా అనిపించింది, గ్రీజు పెట్టి సర్దేశాను. వారం తిరక్కుండానే మళ్ళీ కుట్టు తప్పుతోందని టైలరు తెచ్చి పడేశాడు. ఇదంతా పడలేక నేనే ఒక మినీ లేత్ కొనుక్కుందామనుకుంటున్నాను. లక్ష రూపాయలు దాచాను. అదే డబ్బుకి సెకండ్‌హ్యాండ్ పెద్ద లేత్ వస్తుంది, ఆ బొమ్మ మిషన్ ఎందుకని మామయ్య అంటున్నాడు. మా ఇల్లు మేడ మీద. నాన్నగారేమో తిరిగే మిషన్ దగ్గర ఆడపిల్ల వద్దని ఒకటే పట్టు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, లేత్ కొనండి. కానీ ఈ నెలలో కాదు, లక్షా దానికే పోసి కాదు. ఎప్పుడు, ఎలా అన్నది చివర్లో చెబుతాను. ముందు ఆ బుష్ సంగతి తేలాలి. అది ఎందుకు చెడిందో తెలియకుండా లేత్ కొంటే, అదే బుష్‌ని ఈసారి మీ ఇంట్లో మీరే చేస్తారు.

నేను విజయవాడలో ఒక టూల్‌రూమ్‌లో 29 ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు గుణదలలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, బెంచ్ వైస్ పెట్టుకుని అడిగినవాళ్ళకు ఒకటీ అరా ముక్కలు చేసిస్తుంటాను. మీకు జరిగింది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అరిగిపోయిన ముక్కను శాంపిల్‌గా ఇస్తాం. లేత్ అతను దాన్నే కొలుస్తాడు. ఆ అరుగుదలతో సహా కొత్త ముక్క చేసిస్తాడు. అతని తప్పు లేదు, చేతిలో పెట్టిన దాన్నే చేశాడు.

లెక్క కోసం మీ నీడిల్ బార్ సరిగ్గా 8 మిల్లీమీటర్లు అనుకుందాం. కొత్తలో బుష్ రంధ్రం 8.01 నుంచి 8.02 దాకా ఉండి ఉంటుంది. అంత సందులోనే నూనె పొర నిలుస్తుంది, బార్ పైకీ కిందికీ ఆడుతుంది. ఏళ్ళ తరబడి ఆడి ఆడి ఆ రంధ్రం 8.15 అయింది, అదీ గుండ్రంగా కాదు, కోడిగుడ్డు ఆకారంలో. వెర్నియర్ పెట్టి చూస్తే ఒక పక్క 8.08, ఇంకో పక్క 8.15 చూపిస్తుంది. లేత్ అతను పెద్ద సైజే పట్టుకున్నాడు. మీకు వచ్చింది పుట్టుకతోనే అరిగిన బుష్.

ఈ పదో వంతు మిల్లీమీటరు ఏం చేస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఇలాంటి మిషన్లలో సూదికీ, దారాన్ని పట్టుకునే హుక్ కొసకీ మధ్య సందు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు ఉంచుతాం. బార్ అంతకంటే ఎక్కువ ఊగితే సూది ఒకసారి కొసకు తగులుతుంది, ఒకసారి దూరంగా పోతుంది. దారం మడత హుక్‌కి అందదు. టైలరు కుట్టు తప్పుతోందంటాడు. టెన్షన్ తిప్పుతారు, సూది మారుస్తారు, దారం బాగాలేదంటారు. రోగం బుష్‌లో ఉంటుంది. గ్రీజు ఆ సందుని వారం రోజులు కప్పిపెట్టింది, అంతే. ఇంకో సంగతి, లోపల నునుపు లేకపోయినా ఇలాగే అవుతుంది. డ్రిల్లు వేసి వదిలేసిన రంధ్రంలో గీతలు గుట్టలుగా ఉంటాయి. మొదట బిగువుగానే అనిపిస్తుంది, ఆ గుట్టలు అరగ్గానే వదులైపోతుంది. మీ బుష్‌ని సూర్యుడి వెలుతురుకి పెట్టి లోపలికి చూడండి, స్ప్రింగులా గీతలు కనబడితే రీమర్ (రంధ్రాన్ని సరైన సైజుకి నునుపుగా తెచ్చే పనిముట్టు) వేయలేదన్నమాట.

కాబట్టి పాత బుష్‌లో నమ్మదగిన కొలత ఒక్కటే, బయటి వ్యాసం. అది మిషన్ తలలో బిగిసి కదలకుండా ఉంది కనుక అరగలేదు. (దాన్ని సుత్తితో కొట్టి బయటికి తీయాల్సి వచ్చిందంటే మంచిదే, చేత్తో లాగితే వచ్చేసిందంటే అదీ నమ్మొద్దు.) లోపలి కొలత బుష్ నుంచి తీసుకోకూడదు. అందులో తిరిగే, జారే ముక్క నుంచి తీసుకోవాలి. అంటే నీడిల్ బార్ నుంచి.

బార్ కొలిచేటప్పుడు మూడు చోట్ల కొలవండి. బుష్‌లో ఎప్పుడూ ఆడే చోట ఒకటి, ఎక్కడా తగలని పై భాగంలో ఒకటి, ఈ రెంటికీ మధ్య ఒకటి. ప్రతి చోటా బార్‌ని పావు వంతు తిప్పి మళ్ళీ కొలవండి. దీనికి వెర్నియర్ చాలదు, మైక్రోమీటర్ కావాలి. మామూలు వెర్నియర్ 0.02 దాకా చూపిస్తుంది, అది కూడా మన చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందన్నదాని మీద మారిపోతుంది. మైక్రోమీటర్ 0.01 చూపిస్తుంది, రాచెట్ ఉంటుంది కనుక ప్రతిసారీ ఒకే ఒత్తిడి. మూడు చోట్లా తేడా 0.02 లోపు ఉంటే బార్ బాగున్నట్టే. అంతకంటే ఎక్కువుంటే ముందు బార్ మార్చాలి. అరిగిన చోటికి సరిపోయేలా బుష్ చేస్తే, అరగని భాగం వచ్చేసరికి పట్టేస్తుంది. బార్లు చాలావరకు కొత్తవి దొరుకుతాయి కూడా.

కొలత గురించి నేను ఇంత సాగదీస్తున్నానని విసుక్కోకండి. నేను పనిలో చేరిన కొత్తలో ఒకసారి 20 మిల్లీమీటర్ల ఇత్తడి రింగు టర్నింగ్ చేసి, వేడి వేడిగా ఉండగానే కొలిచి, సరిగ్గా ఉందని పక్కన పెట్టాను. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే 0.02 మిల్లీమీటరు తక్కువుంది. రింగు వదులు. లెక్క వేస్తే నిజమే, ఇత్తడి 60 డిగ్రీలు వేడెక్కితే 20 మిల్లీమీటర్ల మీద 0.02 పైన పెరుగుతుంది. ఆ రోజు మా మేస్త్రి కోప్పడలేదు, ఆ రింగుని తీసి నా జేబులో వేశాడు. చాలా ఏళ్ళు ఉంచుకున్నాను దాన్ని. ముక్క చేత్తో పట్టుకుంటే చల్లగా తగలాలి, అప్పుడు కొలవాలి.

ఇక బుష్ ఎలా చేయాలో చెబుతాను. మీరు చేసినా, బయట చేయించినా పద్ధతి ఇదే. లోహం గన్‌మెటల్ తీసుకోండి. రాగి, తగరం, కాస్త జింకు కలిసింది. బుష్‌లకు పుట్టిందే అది. మామూలు ఇత్తడి కడ్డీ కోతకు సుఖంగా ఉంటుంది, అందుకే లేత్ షాపుల్లో చేతికందింది అదే వాడేస్తారు. కానీ రోజుకి ఎనిమిది గంటలు ఆడే చోట అది నిలవదు. బయటి వ్యాసం మిషన్ తలలోని రంధ్రం కంటే 0.02 ఎక్కువ ఉంచాలి. లోపల మాత్రం పూర్తి సైజు చేయొద్దు. 7.8 డ్రిల్లు దాకా వేసి ఆపండి. బుష్‌ని తలలోకి దింపాక, అక్కడే, 8 రీమర్ వేయాలి. ఎందుకంటే బిగువుగా దిగేటప్పుడు బుష్ చుట్టూ నొక్కుకుని లోపలి రంధ్రం కాస్త ముడుచుకుంటుంది. బయటే 8.01 చేసుకుని తెచ్చి దింపితే బార్ దూరదు. అప్పుడు ఎమెరీ పేపర్ చుట్టి రుద్దుతారు, మళ్ళీ కోడిగుడ్డు తయారవుతుంది.

దింపడానికి సుత్తి వాడకండి. గన్‌మెటల్ అంచు నలిగిపోతుంది, వంకరగా దిగుతుంది. పొడుగాటి బోల్టు ఒకటి, రెండు మందపాటి వాషర్లు, ఒక నట్టు చాలు. బుష్ కింది అంచుని ఆకురాయితో కొద్దిగా ఏటవాలు చేయండి. బోల్టుని తలలోంచి, బుష్‌లోంచి దూర్చి, అటూ ఇటూ వాషర్లు పెట్టి, స్పానర్‌తో నట్టుని అర చుట్టు చొప్పున బిగిస్తూ పొండి. బుష్ దానంతట అదే నిటారుగా లోపలికి జరుగుతుంది. మధ్యలో ఎక్కడైనా స్పానర్ ఉన్నట్టుండి గట్టిపడితే ఆపేయండి, వంకరగా పోతోందని అర్థం. రీమర్ చేత్తో తిప్పేటప్పుడు ఎప్పుడూ ముందుకే తిప్పండి. బయటికి తీసేటప్పుడు కూడా ముందుకే తిప్పుతూ లాగాలి. వెనక్కి తిప్పితే దాని అంచులు చెడతాయి, రంధ్రంలో గీతలు పడతాయి. మీ బార్ సరిగ్గా 8 కాకపోతే, పాత మిషన్లలో చాలాసార్లు కాదు కూడా, అడ్జస్టబుల్ రీమర్ తీసుకోండి. బార్‌ని మధ్య మధ్యలో దూర్చి చూసుకుంటూ కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు.

మరల దగ్గరకొద్దాం. మీరు ‘దొరికినా పట్టవు’ అన్నారు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లోనే మరలన్నీ ఒకే కొలతల్లో ఉండాలని ఒక పట్టిక ప్రతిపాదించాడు. కానీ కుట్టు మిషన్ల కంపెనీలు తమ సొంత కొలతలు పెట్టుకున్నాయి. సింగర్ మిషన్లలో అంగుళానికి 28 చుట్లున్న 3/16 అంగుళం మర, 40 చుట్లున్న 9/64 మర లాంటివి ఉంటాయి. ఆ నమూనాలో తయారైన మన నల్ల మిషన్లలోనూ చాలావరకు అవే. హార్డ్‌వేర్ షాపులో 3/16 అంటే విట్‌వర్త్ మర ఇస్తారు, దానికి అంగుళానికి 24 చుట్లు. రెండు చుట్లు ఎక్కుతుంది, మూడో చుట్టులో పట్టేస్తుంది. అక్కడ బలవంతంగా తిప్పితే కాస్టింగ్‌లోని త్రెడ్ ఊడిపోతుంది. చాలామంది అప్పుడు ట్యాప్ (రంధ్రంలో త్రెడ్ కోసే పనిముట్టు) వేసి 5 మిల్లీమీటర్ల మర బిగించేస్తారు. త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ ఆ మిషన్‌కి ఇక ఎప్పటికీ అసలు మర పట్టదు, ఇంకో షాపుకి వెళ్తే వాళ్ళు తిట్టుకుంటారు. మీ నాన్నగారు నలభై ఏళ్ళు కాపాడుకున్న పేరు ఇలాంటి చోటే పోతుంది. ఒక త్రెడ్ గేజ్ కొనండి, ఆకుల్లా విప్పుకునే పళ్ళ సెట్టు. ముందు చుట్లు లెక్కపెట్టండి. ఆ రెండు మూడు సైజుల డైలు (కడ్డీ మీద త్రెడ్ కోసే పనిముట్లు) తెప్పించుకుంటే, వాటితో చేసే మరలకు అసలు లేతే అక్కర్లేదు. కడ్డీని వైస్‌లో నిలబెట్టి డై తిప్పుకోవడమే. పాడైన మిషన్ తుక్కులోకి పోయేటప్పుడు దాని మరలన్నీ విప్పి డబ్బాలో వేసుకోవడం మీ నాన్నగారు ఎలాగూ చేసే ఉంటారు. వాటిని ఇప్పుడు చుట్ల లెక్కన వేరు చేసి పెట్టండి.

లేత్ లేకుండా ఎంత పని అవుతుందో చేసి చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. నాలుగంగుళాల బెంచ్ వైస్, ఆకురాళ్ళు నాలుగు రకాలు, హ్యాక్సా, బెంచ్ డ్రిల్లింగ్ మిషన్, మైక్రోమీటర్, వెర్నియర్, ఆ డైలు. లక్షలోంచి ముందు వీటికి తీయండి, ఆరు నెలలు వీటితోనే ఉండండి. లింకులు, లివర్లు, ప్లేట్లు, స్పేసర్లు, చిన్న పిన్నులు అన్నీ వీటితో వస్తాయి. పిన్నుని గుండ్రంగా కొద్దిగా తగ్గించాలంటే డ్రిల్లింగ్ మిషన్ చక్‌లో (డ్రిల్లుని పట్టుకునే దవడల్లో) బిగించి తిప్పుతూ, పిడి గట్టిగా ఉన్న ఆకురాయి ఆనించండి. నీడిల్ బార్‌కి పనికిరాదు కానీ కాలి మిషన్ పెడల్ పిన్నుకి చక్కగా సరిపోతుంది.

ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు రుద్దకండి, పళ్ళు మొద్దుబారతాయి. కొత్త ఆకురాయి కొంటే మొదట ఇత్తడికీ గన్‌మెటల్‌కీ వాడండి, పదును తగ్గాక ఇనుముకి వాడండి. ఇనుము మీద ఒకసారి అరిగిన ఆకురాయి ఇత్తడి మీద జారిపోతుంది. పళ్ళలో రజను ఇరుక్కుని ముక్క మీద గీతలు పడుతుంటే సుద్దముక్క రుద్దండి, మీ దగ్గర బట్ట మీద గీసే టైలరు సుద్ద ఉండే ఉంటుంది. మొదటి నెల రోజూ ఒక అరగంట ఒక ఇనప ముక్కని చదునుగా చేయడమే సాధన. గాజు పలక మీద పెట్టి చూస్తే కింద నుంచి వెలుతురు రాకూడదు. నాకు ఇది వంటపట్టడానికి మూడు నెలలు పట్టింది. మీరు రోజూ మిషన్లు విప్పి బిగించే చేతులు కనుక తొందరగానే వస్తుంది.

ఇత్తడిలో డ్రిల్లు వేసేటప్పుడు జాగ్రత్త. పదునైన కొత్త డ్రిల్లు ఇత్తడిని ఒక్కసారిగా లోపలికి లాగేసుకుంటుంది, ముఖ్యంగా రంధ్రం అవతలికి తెరుచుకునే క్షణంలో. చేత్తో పట్టుకున్న ముక్కైతే గిర్రున తిరిగి వేళ్ళు కోసేస్తుంది. ఎంత చిన్న ముక్కైనా వైస్‌లో పెట్టే వేయండి. ఇత్తడికి వాడే డ్రిల్లు కోసే అంచుని నూనె రాయి మీద ఒక్క రుద్దు రుద్ది కాస్త మొద్దు చేసి, వేరే డబ్బాలో ఉంచుకోండి. కోతకు సుఖంగా ఉండే ఇత్తడిలో సీసం కలిసి ఉంటుంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకండి, పిల్లల్ని ఎత్తుకోకండి.

గట్టిగా ఉండాల్సిన పిన్నులకు సిల్వర్ స్టీల్ కడ్డీ అడగండి. పేరులో వెండి ఉంది కానీ వెండి ఉండదు, మెరుగు పెట్టిన కార్బన్ ఉక్కు. కావలసిన ఆకారం చేసుకుని, గ్యాస్ టార్చితో ఎర్రగా కాల్చి, అయస్కాంతం అంటుకోవడం మానేశాక మరికాస్త కాల్చి నీళ్ళలో ముంచితే గాజులా గట్టిపడుతుంది. అలాగే వాడితే విరుగుతుంది. మళ్ళీ తోమి మెరిపించి, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మెల్లగా వేడి చేసి చల్లార్చాలి. పట్టపగలు ఎండలో ఎరుపు కనబడదు, సాయంత్రం నీడలో చేయండి.

ఈ ఆరు నెలలూ బుష్‌ల లాంటి లేత్ పనులు బయటే చేయించండి. ఆటోనగర్ వాళ్ళు ఒక్క ముక్కకి ఎందుకు ఒప్పుకోరో వాళ్ళ వైపు నుంచి చూడండి. గుంటూరైనా, మా విజయవాడ జవహర్ ఆటోనగర్ అయినా అక్కడి లేత్‌లు లారీల పని మీద బతుకుతాయి. కింగ్ పిన్ బుష్‌లు, షాకిల్ పిన్నులు. చక్ మార్చి, టూలు పెట్టి, సెంటర్ చూసుకుని కొత్త పనికి సిద్ధమవడానికే అతనికి అరగంట పోతుంది. ముక్క కోయడం పది నిమిషాలు. మీరు 600 ఇచ్చింది ఆ అరగంటకి. కాబట్టి ఒక్కొక్క ముక్క పట్టుకుని వెళ్ళకండి. ఒకే కడ్డీలోంచి వచ్చే పనులు నాలుగైదు పోగేసుకుని, కడ్డీ మీరే కొని, కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు రాసి తీసుకెళ్ళండి. ‘లోపల 7.8 డ్రిల్లు, రీమర్ నేను వేసుకుంటాను. బయట 14.02, ఇది మాత్రం తప్పకూడదు. పొడవు ఎలా ఉన్నా ఫర్వాలేదు’ అని చెప్పండి. ఎక్కడ పట్టుగా కావాలో, ఎక్కడ ఎలా ఉన్నా పర్లేదో చెప్పే కస్టమర్‌ని లేత్ అతను గౌరవిస్తాడు. అన్ని కొలతలూ ఖచ్చితంగా కావాలంటే ఏదీ ఖచ్చితంగా రాదు. మైక్రోమీటర్ వెంట తీసుకెళ్ళి అక్కడే, అతని ముందే కొలిచి తీసుకోండి. మొదటిసారి మొహం చిట్లిస్తారు, మూడోసారికి ‘అమ్మా, మీరే కొలిచి చెప్పండి’ అంటారు.

మామయ్య చెప్పిన పెద్ద లేత్ మంచిదే, ఒక రకంగా మినీ లేత్ కంటే చాలా మంచిది. బరువున్న లేత్ వణకదు, కోత నునుపుగా వస్తుంది. కానీ మీ ఇల్లు మేడ మీద. ఇళ్ళ శ్లాబులకు మన ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకి 200 కిలోల బరువు లెక్కలోకి తీసుకుంటారు. ఆరడుగుల పాత లేత్ అర టన్ను పైనే ఉంటుంది, నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. దాన్ని మెట్ల మీదుగా ఎక్కించడం కూడా మనుషులకు ప్రమాదమే. పైగా దానికి త్రీఫేజ్ మోటారు ఉంటుంది. సింగిల్ ఫేజ్ నుంచి నడిపే డ్రైవ్‌లు ఉన్నాయి, అదొక ఖర్చు. మీ షాపు వెనక కింది అంతస్తులో పది అడుగుల గది దొరికిన రోజు మామయ్య మాట వినండి. ఇప్పటికి మినీ లేతే సరి. 40 కిలోల చిల్లర బరువు, ఇంట్లో ప్లగ్గుతో నడుస్తుంది, 20 మిల్లీమీటర్ల లోపు మీ ముక్కలకు చాలు. బల్ల మాత్రం బరువైనది, గోడకు బిగించినది ఉండాలి.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. అంగుళాల త్రెడ్లకు గేర్లు ఇస్తారా అన్నది మొదటిది, మీ మరలకు అది లేకపోతే సగం లాభం పోయినట్టే. చక్‌లో నిటారైన కడ్డీ పెట్టి డయల్ గేజ్‌తో ఎంత ఊగుతుందో చూపించమనండి. క్రాస్ స్లైడ్ (టూలుని ముక్క వైపు జరిపే భాగం) డయల్ మీద ఒక గీత తిప్పితే ముక్క వ్యాసం ఎంత తగ్గుతుందో కూడా అడగండి. కొన్నిటిలో 0.1 తిప్పితే వ్యాసం 0.2 తగ్గుతుంది, తెలియక మొదటి వారమంతా ముక్కలు పాడుచేసుకుంటారు. లేత్‌కి పెట్టిన డబ్బులో సగం దాకా టూళ్ళకు, చక్‌లకు, సెంటర్లకు అవుతుంది, అది లెక్కలో ఉంచుకోండి. వోల్టేజీ హెచ్చుతగ్గులకు ఈ మిషన్ల స్పీడ్ బోర్డు కాలిపోతుంది, స్టెబిలైజర్ పెట్టండి. వానాకాలంలో రాత్రి పని ఆపేముందు లేత్ బెడ్ (కింది పట్టాల భాగం) మీద మీ కుట్టు మిషన్ నూనే పలచగా రాసి బట్ట కప్పండి. ఒక్క తడి రాత్రి చాలు తుప్పు పట్టడానికి. చిన్న లేత్ మీద ముక్కను టూలుతో తెంచడం కష్టం, హ్యాక్సాతో కోసి తిప్పి పెట్టి మొహం చదును చేసుకోండి.

చివరికి నాన్నగారి మాట. ఆడపిల్ల అన్నది నేను ఒప్పుకోను. మా టూల్‌రూమ్‌లో అప్రెంటిస్‌గా వచ్చిన అమ్మాయిల చేతుల్లో పని మా అందరికంటే శుభ్రంగా ఉండేది. అయితే ఆయన భయం వెనక ఉన్నది నిజం. తిరిగే చక్ వదులుగా ఉన్న దేన్నైనా పట్టుకుంటుంది, పట్టుకుంటే వదలదు. చున్నీ, చీర కొంగు, జడ, గాజులు, గడియారం, ఉంగరం, పొడుగు చేతుల చొక్కా, ఏదీ ఉండకూడదు. జడ ముడి వేసి బట్ట కట్టుకోండి, పొట్టి చేతుల బిగువైన కుర్తా వేసుకోండి. చేతికి గ్లవ్స్ అసలు వద్దు, అవి వేలితో సహా లాగేస్తాయి. కళ్ళద్దాలు తప్పనిసరి. నాకు జరిగింది ఒకటి చెబుతాను. చక్ బిగించి, బిగించే తాళంచెవిని దానిలోనే మరిచి స్విచ్ వేశాను. అది ఎగిరి నా చెవి పక్క నుంచి పోయి గోడకి తగిలింది. గోడలో పడిన గుంట చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు నుంచి తాళం చక్‌లో ఉన్నంతసేపు దాని మీంచి చెయ్యి తీయను. తీస్తే తాళంతోనే తీస్తాను. మీరు మొదటి రోజు నుంచే ఇది అలవాటు చేసుకోండి. పిల్లలు ఉంటే ఆ గదికి పైన గడియ పెట్టించండి, రజను కాళ్ళలో గుచ్చుకుంటే కనబడదు కూడా.

నాన్నగారిని ఒప్పించడానికి వాదించకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన చేతులు వణుకుతున్నాయి కానీ చెవులు వణకవు. ఏ మిషన్ శబ్దం వింటే ఎక్కడ వదులుందో ఆయనకు తెలుస్తుంది, అది మైక్రోమీటర్ చెప్పదు.

ఈ వారం ఆ టైలరు మిషన్ మళ్ళీ విప్పండి. బార్ మూడు చోట్ల కొలిచి రాసుకోండి. గన్‌మెటల్ కడ్డీ కొని, బొమ్మ గీసి, అదే లేత్ షాపుకి వెళ్ళండి. బుష్ దింపి రీమర్ వేశాక, గ్రీజు కాదు, రెండు చుక్కల నూనె వేసి బార్‌ని పై నుంచి వదలండి. తన బరువుకి తనే నిదానంగా జారాలి. టపీమని పడిపోకూడదు, మధ్యలో ఆగకూడదు. కింది కొస పట్టుకుని పక్కకు ఊపితే వేలికి ఏమీ తెలియకూడదు. నాన్నగారి చెయ్యి తీసుకుని ఆయన వేలితో కూడా ఊపించండి. ఆయన సరే అన్నాక బిగించి, టైలరుకి ఇవ్వండి. ఆరు నెలల్లో ఇలాంటివి ఎన్ని వచ్చాయో, ఒక్కోదానికి బయట ఎంత ఇచ్చారో పుస్తకంలో రాసుకుని నాకు మళ్ళీ రాయండి. ఏ సైజు లేత్ కొనాలో ఆ పుస్తకం చూసి చెబుతాను.